గోదావరి గట్టున సైకిలు మీద

మండపేట చుట్టూ కాలువలున్నాయి. వాటిలో ఒకదాని పేరే మండపేట కాలువ. ఆ నీళ్లతోనే వరి పండుతుంది. సార్వా పంటకూ ఆ నీళ్లే, దాళ్వా పంటకూ ఆ నీళ్లే. గేదెలు తాగేవీ, చెరువులు నింపేవీ కూడా ఆ నీళ్లే.

మరి ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? అక్కల్లారా, చెల్లెళ్లారా, మీరెప్పుడైనా చూశారా?

"గోదావరి నుంచి" అని అందరూ చెబుతారు. అది నిజమే. కాని గోదావరిలోంచి కాలువలోకి నీళ్లు ఎలా వస్తాయి? ఎవరు వదులుతారు? వరద వస్తే ఎవరు కొలుస్తారు? ఇవన్నీ చూడాలంటే ధవళేశ్వరం వెళ్లాలి. అక్కడి నుంచి గట్టు వెంట రాజమండ్రి వెళ్లాలి.

మండపేటలో ఒక వదిన, ఒక మరదలు ఉన్నారు. ఇద్దరూ సాయంత్రం బడిలో చదువు నేర్చుకున్నారు. వదిన రైసు మిల్లులో పనిచేస్తుంది. మరదలు పూలు కట్టి అమ్ముతుంది. వాళ్లు ఈ దారిని సైకిళ్ల మీద చూసి వచ్చారు. ఈ పాఠం వాళ్ల ప్రయాణం గురించే.

ఆడవాళ్లకు సైకిలా?

మరదలు కూతురు హైస్కూలులో చదువుతోంది. ఆ పిల్లకు ఒక సైకిలు ఉంది. ఆదివారం నాడు ఆ సైకిలు ఖాళీ. ఆ సైకిలు మీదే తల్లి నేర్చుకుంది. తర్వాత వదినకు నేర్పింది. వదిన రెండుసార్లు పడింది. మోకాలు గీరుకుపోయింది. మూడో వారానికి బ్యాలెన్సు కుదిరింది.

అత్తగారికి ఇది నచ్చలేదు.

"ఆడాళ్లు సైకిళ్లేసుకుని రాజమండ్రి పోతారా? నలుగురూ ఏమనుకుంటారే?" అంది.

"ఆటో ఎక్కితే ఏమీ అనుకోరు కదా అత్తయ్యా! అదీ చక్రాల బండే, ఇదీ చక్రాల బండే" అంది వదిన నవ్వుతూ.

ఇలా అడిగినవాళ్లు మండపేటలోనే కాదు, చాలా చోట్ల ఉన్నారు. తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. అక్కడ 1991లో పెద్ద అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అప్పుడు షీలారాణి చుంకత్ అనే ఆవిడ ఆ జిల్లాకు కలెక్టరు. ఆడవాళ్లకు చదువుతో పాటు సైకిలు కూడా నేర్పాలని ఆ ఉద్యమం నిర్ణయించింది.

మొదట్లో అక్కడా ఎగతాళి చేశారు. ఆడవాళ్లు ఎక్కే సైకిళ్లు చాలినన్ని దొరకలేదు. అయినా వాళ్లు ఆగలేదు. మధ్యలో అడ్డకడ్డీ ఉన్న మగవాళ్ల సైకిళ్లే ఎక్కారు. ఆ అడ్డకడ్డీ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకున్నారు. క్యారేజీ మీద నీళ్ల బిందెలు, కూరగాయలు పెట్టుకున్నారు. కొద్ది కాలంలోనే వేల వేల మంది పల్లెటూరి ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు.

వాళ్లు ఎందుకు నేర్చుకున్నారు? బస్సు కోసం గంటలు గంటలు కాచుకోనక్కర లేదు. తీసుకెళ్లమని ఎవరినీ బతిమాలనక్కర లేదు. పని తొందరగా అవుతుంది. చదువు కూడా అంతే. ఉత్తరం చదివి పెట్టమని ఎవరినీ బతిమాలనక్కర లేదు. అందుకే ఆ ఊళ్లలో చదువు, సైకిలు కలిసి నడిచాయి.

బయలుదేరే ముందు

మండపేట నుంచి రాజమండ్రి సుమారు 30 కిలోమీటర్లు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు తొందర లేకుండా తొక్కితే గంటకు 10 కిలోమీటర్లు వెళ్లగలరు. ముప్పైని పదితో భాగిస్తే మూడు. అంటే తొక్కడానికి మూడు గంటలు. మధ్యలో ఆగడానికి ఇంకో గంట వేసుకోవాలి.

వదిన, మరదలు సంక్రాంతి వెళ్లాక బయలుదేరారు. అప్పుడు ఎండ తక్కువ. వదిన చెల్లెలు ధవళేశ్వరంలో ఉంటుంది. రాత్రికి అక్కడ పడుకుని మర్నాడు రావాలని అనుకున్నారు. కాబట్టి ఒక్కరోజులో 60 కిలోమీటర్లు తొక్కే పని లేదు.

బయలుదేరే ముందు సైకిలు చూసుకోవాలి.

టైర్లలో గాలి ఉందా? బొటనవేలితో నొక్కి చూడాలి.
బ్రేకులు పడుతున్నాయా? ముందుదీ, వెనకదీ రెండూ చూడాలి.
గంట మోగుతోందా?
చైనుకు నూనె ఉందా?

చీర కట్టుకున్నవాళ్లు కుచ్చెళ్లు పైకి దోపుకోవాలి. కొంగు నడుముకు బిగించి కట్టుకోవాలి. కొంగు చక్రంలో పడితే చాలా ప్రమాదం. చాలామంది అలాగే పడిపోతారు.

దారిలో ఎడమ పక్కనే వెళ్లాలి. ఇద్దరు ఉంటే పక్కపక్కన వెళ్లకూడదు. ఒకరి వెనక ఒకరు వెళ్లాలి. మంచు బాగా పట్టి ఉంటే వెలుగు వచ్చేదాకా ఆగాలి.

అత్తగారు తెల్లారే లేచింది. పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టింది. నంజుకోడానికి ఆవకాయ ముక్క పెట్టింది. "జాగ్రత్తే, లారీలుంటాయి" అంది. వద్దని మాత్రం అనలేదు.

దారంతా చదువే

ఇద్దరూ ద్వారపూడి మీదుగా కాలువ పక్క రోడ్డున వెళ్లారు. దాన్ని కెనాల్ రోడ్డు అంటారు. ఒక పక్క కాలువ, ఒక పక్క వరి చేలు. దాళ్వా నాట్లు పడుతున్నాయి.

పూర్వం ఈ కాలువల్లో పడవలు నడిచేవి. మనుషులూ, ధాన్యం బస్తాలూ పడవల్లోనే వెళ్లేవారు. రోడ్లు, రైళ్లు పెరిగాక పడవలు తగ్గిపోయాయి.

రోడ్డు పక్కన రాళ్లు కనిపించాయి. వాటి మీద ఊరి పేరు, దూరం రాసి ఉన్నాయి. రాయి నెత్తి మీద పసుపు రంగు ఉంటే అది జాతీయ రహదారి. ఆకుపచ్చ రంగు ఉంటే అది రాష్ట్ర రహదారి. ఈ సంగతి తెలిస్తే ఏ రోడ్డు మీద ఉన్నామో రాయి చూసి చెప్పొచ్చు.

కడియం దగ్గర మొక్కల తోటలు మొదలయ్యాయి. కడియం, కడియపులంక ఊళ్లలో నర్సరీలు ఎన్నో ఉన్నాయి. అక్కడి మొక్కలు దేశంలో చాలా ఊళ్లకు లారీల్లో వెళతాయి. పూల మార్కెట్టు కూడా ఉంది. మరదలు అక్కడ ఆగి పూల ధరలు అడిగింది. తూకం ఎలా వేస్తున్నారో చూసింది. ఇన్నాళ్లూ ఆమె మండపేటలోనే ఒక వ్యాపారి దగ్గర పూలు కొనేది.

"వదినా, ఇక్కడ చవగ్గా ఉన్నాయి. వారానికి రెండుసార్లు నేనే వస్తే ఎలాగుంటుంది?" అంది.

"వచ్చే దూరం, తొక్కే టైమూ కూడా లెక్కేసుకో. అప్పుడు చూద్దాం" అంది వదిన.

వేమగిరి దగ్గర పెద్ద జాతీయ రహదారి వస్తుంది. లారీలు, బస్సులు వేగంగా పోతుంటాయి. అక్కడ ఇద్దరూ సైకిళ్లు దిగారు. రెండు పక్కలా చూసి, సైకిళ్లు నడిపించుకుంటూ దాటారు. పెద్ద రోడ్డు దాటేటప్పుడు దిగడం సిగ్గు కాదు. అది తెలివి.

అక్కడ ఒక పెద్ద బోర్డు ఉంది. మరదలు చదవడం మొదలుపెట్టింది. "రా... జ... మ..." అని ఆగిపోయింది. "ఇది రాజమండ్రి కాదు వదినా. చాలా పొడుగుంది" అంది.

ఇద్దరూ కలిసి ముక్కలు చేసి చదివారు. రా-జ-మ-హేం-ద్ర-వ-రం. రాజమహేంద్రవరం! మనం నోటితో రాజమండ్రి అంటాం. 2015లో ప్రభుత్వం పాత పేరునే మళ్లీ అసలు పేరుగా పెట్టింది. అందుకే బోర్డుల మీద ఆ పేరు కనిపిస్తుంది. పేరు రెండు, ఊరు ఒక్కటే.

ధవళేశ్వరం ఆనకట్ట

గోదావరి మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుడుతుంది. సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. ధవళేశ్వరం దాటాక అది పాయలుగా చీలుతుంది. గౌతమి ఒక పాయ. వసిష్ఠ ఒక పాయ. ఆ పాయల మధ్య భూమే కోనసీమ. మండపేట గౌతమికి ఇవతలి పక్క ఉంది.

ఇప్పుడు ఈ భూమి పచ్చగా ఉంది. రెండు వందల ఏళ్ల కిందట ఇలా లేదు. 1832, 1833 సంవత్సరాల్లో ఘోరమైన కరువు వచ్చింది. 1839లో ఉప్పెన వచ్చింది. జనం చనిపోయారు. ఉన్నవాళ్లు వలసపోయారు. పక్కనే నది నిండా నీళ్లు. పొలంలో మాత్రం చుక్క నీరు లేదు. నది కిందుగా ఉంది, పొలం మీదుగా ఉంది. నీళ్లు పైకి ఎలా ఎక్కుతాయి?

ఆర్థర్ కాటన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు దీని గురించి ఆలోచించాడు. నదికి అడ్డంగా గోడ కడితే నీటిమట్టం పెరుగుతుంది. పెరిగిన నీటిని కాలువల్లోకి మళ్లించవచ్చు. అదే ఆనకట్ట. 1847లో పని మొదలైంది. 1852లో పూర్తయింది. వీణం వీరన్న అనే తెలుగు ఉద్యోగి కాటన్‌కు కుడిభుజంగా పనిచేశాడు. వేలమంది కూలీలు రాళ్లు కొట్టారు, మోశారు. ఆ కూలీల పేర్లు ఎక్కడా రాసి లేవు. కాని ఇప్పటికీ ప్రతి పంటలో వాళ్ల కష్టం ఉంది.

ధవళేశ్వరం దగ్గర నది చాలా వెడల్పు. మధ్యలో లంకలున్నాయి. అందుకని ఆనకట్టను నాలుగు ముక్కలుగా కట్టారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని వాటి పేర్లు.

ఆ పాత ఆనకట్ట నూరేళ్ల పైన పనిచేసింది. తర్వాత బలహీనపడింది. దాని బదులు 1970ల్లో కొత్త బ్యారేజీ కట్టడం మొదలుపెట్టారు. 1980ల్లో అది పూర్తయింది. దానికి సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ అని పేరు పెట్టారు. దీనికి 175 గేట్లు ఉన్నాయి. గేట్లు దించితే నీళ్లు నిలుస్తాయి. ఎత్తితే సముద్రం వైపు పోతాయి. బ్యారేజీ మీద రోడ్డు కూడా ఉంది.

ఇక్కడి నుంచి మూడు వైపులకు నీళ్లు వెళతాయి. తూర్పు డెల్టాకు, మధ్య డెల్టాకు, పశ్చిమ డెల్టాకు. మొత్తం సుమారు 10 లక్షల ఎకరాలు తడుస్తాయి. మండపేట తూర్పు డెల్టాలో ఉంది.

ధవళేశ్వరంలో తూర్పు డెల్టా ప్రధాన కాలువ మొదలవుతుంది. వదిన ఆ కాలువ తలుపుల దగ్గర నిలబడింది. నీళ్లు నురుగు కక్కుతూ కాలువలోకి దూకుతున్నాయి. 

"ఈ నీళ్లే మన ఊరొస్తాయా?" అంది.

"ఇవే వదినా. మన కన్నా ముందే బయలుదేరతన్నాయి" అంది మరదలు.

ఆ అంకెలు మన ప్రాణాలు

బ్యారేజీ దగ్గర నీటి కొలబద్ద ఉంది. దాని మీద అడుగుల అంకెలు రాసి ఉన్నాయి. వదిన ఆ అంకెల వంక చాలాసేపు చూసింది. దానికి కారణం ఉంది.

వదిన పుట్టిల్లు గౌతమి పాయ పక్కన ఒక లంక ఊరు. 1986 ఆగస్టులో గోదావరికి చాలా పెద్ద వరద వచ్చింది. అప్పుడు ఆమెకు ఏడేళ్లు. రాత్రివేళ నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. తండ్రి ఆమెను భుజాన ఎత్తుకుని ఎత్తు గట్టు మీదకు చేర్చాడు. రెండు గేదెలు కొట్టుకుపోయాయి. ఆ రోజు నుంచి ఆమెకు గోదావరి అంటే భయం.

2022 జూలైలో మళ్లీ పెద్ద వరద వచ్చింది. టీవీలో "మూడో ప్రమాద హెచ్చరిక" అన్నారు. వదినకు అప్పటికి చదువు రాదు. ఆ మాట విన్నది కాని, మూడో హెచ్చరిక అంటే ఎంత నీరో తెలియలేదు. పుట్టింట్లో తల్లి ఉంది. ఎవరు కనపడితే వాళ్లను అడిగింది. ఒకరు "ఏం కాదు" అన్నారు. ఇంకొకరు "అంతా మునిగిపోతుంది" అన్నారు. రాత్రంతా ఏడుస్తూ కూర్చుంది. తల్లిని ఊరివాళ్లు ముందే పునరావాస కేంద్రానికి తీసుకెళ్లారని మర్నాడు తెలిసింది.

ఇప్పుడు ఆమె ఆ హెచ్చరికల సంగతి చదివి తెలుసుకుంది. మీరూ తెలుసుకోండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టాన్ని బట్టి మూడు హెచ్చరికలు ఇస్తారు.

మొదటి ప్రమాద హెచ్చరిక – 11.75 అడుగులు
రెండో ప్రమాద హెచ్చరిక – 13.75 అడుగులు
మూడో ప్రమాద హెచ్చరిక – 17.75 అడుగులు

చుక్క తర్వాత 75 అంటే ముప్పావు. ఒక అడుగుకు 12 అంగుళాలు. ముప్పావు అడుగు అంటే 9 అంగుళాలు. కాబట్టి 11.75 అంటే 11 అడుగుల 9 అంగుళాలు.

నీరు ఎంత పోతోందో క్యూసెక్కుల్లో చెబుతారు. ఒక క్యూసెక్కు అంటే ఒక సెకనులో సుమారు 28 లీటర్లు. రెండు పెద్ద బిందెల నీళ్లు అనుకోండి. మొదటి హెచ్చరిక నాటికి 10 లక్షల క్యూసెక్కులు పోతుంటాయి. రెండోదానికి 13 లక్షలు. మూడోదానికి 17 లక్షలు. 1986లో ఏకంగా 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022లో 25 లక్షలు దాటింది.

ఈ అంకెలు ఎందుకు తెలియాలి? మొదటి హెచ్చరిక వస్తే సామాన్లు సర్దుకోవాలి. రేషను కార్డు, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, మందులు ఒక సంచిలో పెట్టుకోవాలి. గేదెల్ని మెరకకు తోలాలి. అధికారులు కదలమంటే వెంటనే కదలాలి. మూడో హెచ్చరిక దాకా ఆగకూడదు. ఎగువన భద్రాచలంలో వరద పెరిగితే ఆ నీరు తర్వాత ధవళేశ్వరానికి వస్తుంది. అంటే మనకు కొంత టైము దొరుకుతుంది. చదవగలిగినవాళ్లు ఆ టైమును వాడుకోగలరు.

వదిన తన నోటుపుస్తకంలో మూడు అంకెలూ రాసుకుంది. "ఇన్నాళ్లూ ఊరికే వణికిపోయాను. ఎంత భయపడాలో ఇప్పుడు తెలిసింది" అంది.

గట్టు మీద

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ రాజమండ్రి వైపు వెళ్లారు. ధవళేశ్వరానికి ఎగువన, నది ఒడ్డునే రాజమండ్రి ఉంది. నీరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడ్డాయి. జాలరులు పడవల మీద వలలు వేస్తున్నారు.

నది మధ్యలోనూ మనుషులుంటారు. బ్రిడ్జి లంక, కేతవారి లంక అలాంటివే. వాళ్లు ఊళ్లోకి రావాలంటే పడవ ఎక్కాలి. వరద వస్తే వాళ్లను రాజమండ్రికి తరలిస్తారు.

తర్వాత వంతెనలు కనిపించాయి. రాజమండ్రి దగ్గర గోదావరి మీద నాలుగు వంతెనలున్నాయి. 

మొదటిది పాత రైలు వంతెన. దీన్నే హేవలాక్ వంతెన అంటారు. 1900లో దీని మీద రైళ్లు మొదలయ్యాయి. 56 ఖానాలు ఉన్నాయి. 1997లో దీని మీద రైళ్లు ఆపేశారు.

రెండోది రోడ్డు, రైలు కలిసిన వంతెన. 1974లో మొదలైంది. కింద రైలు పోతుంది. పైన బస్సులు, మనుషులు పోతారు. దాని మీదుగా కొవ్వూరు వెళ్లొచ్చు.

మూడోది విల్లు ఆకారంలో ఉన్న రైలు వంతెన. ఆర్చి వంతెన అంటారు. 28 విల్లులు ఉన్నాయి. 1997 నుంచి రైళ్లు నడుస్తున్నాయి.

నాలుగోది రోడ్డు వంతెన. 2015లో ప్రారంభమైంది.

మరదలు ఆర్చి వంతెన విల్లులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పందొమ్మిది దాకా లెక్కపెట్టింది. అప్పుడే రైలు వచ్చింది. లెక్క తప్పిపోయింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

గట్టు అంతా అందంగానే ఉందని అనుకోకండి. కొన్నిచోట్ల ఊరి మురుగునీరు నదిలోకి వస్తోంది. పూజలు చేసినవాళ్లు ప్లాస్టిక్ సంచులు నీళ్లలో పడేస్తున్నారు. ఇక్కడి నీళ్లే దిగువన ఎన్నో ఊళ్లకు తాగడానికి వెళతాయి. అందుకే తాగే నీళ్లు కాచి చల్లార్చుకోవాలి. నదిలో చెత్త వేయకూడదు.

నీళ్లు మోసిన ఇల్లాలు

ఈ ఒడ్డున తెలుగు ఆడవాళ్ల చరిత్ర కూడా ఉంది. కందుకూరి వీరేశలింగం గారి పేరు మీరు వినే ఉంటారు. ఆయన 1848లో రాజమండ్రిలో పుట్టారు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. ఆడపిల్లకు చదువెందుకని జనం అనే కాలం అది.

ఆ రోజుల్లో చిన్నపిల్లలకే పెళ్లి చేసేవారు. భర్త చనిపోతే ఆ పిల్ల జీవితమంతా విధవగా ఉండాలి. అది అన్యాయమని వీరేశలింగం గారు అన్నారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. చాలామంది కోపించారు. ఆయనను, ఆయనతో ఉన్నవాళ్లను వెలివేశారు. ఇంట్లో వంటవాళ్లు మానేశారు. నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు.

అప్పుడు ఎవరు ఆదుకున్నారు? ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు. ఆవిడే గోదావరికి వెళ్లి బిందెతో నీళ్లు తెచ్చారు. ఆవిడే అందరికీ వండి పెట్టారు. భర్త పేరు పుస్తకాల్లో పెద్ద అక్షరాలతో ఉంది. ఆవిడ మోసిన నీళ్లు లేకపోతే ఆ పని సాగేది కాదు.

వీరేశలింగం గారి ఇల్లు రాజమండ్రిలో ఇప్పటికీ ఉంది. వదిన, మరదలు ఆ ఇల్లు చూశారు.

"బిందెడు నీళ్లు మోసుకుంటూ వీధిలో నడుస్తుంటే ఆవిణ్ణి ఎన్నెన్ని మాటలన్నారో కదా వదినా!" అంది మరదలు.

"మనం సైకిలెక్కితే నాలుగు మాటలన్నారు. ఆవిడ ముందు మనదెంతే?" అంది వదిన.

ఊళ్లో గౌతమీ గ్రంథాలయం కూడా ఉంది. చాలా పాతది. నూరేళ్లు దాటింది. తెలుగు పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. గ్రంథాలయంలో కూర్చుని ఎవరైనా చదువుకోవచ్చు.

ఘాట్ల దగ్గర

నదిలోకి దిగడానికి మెట్లు కట్టిన చోటును ఘాట్ అంటారు. రేవు అని కూడా అంటాం. రాజమండ్రిలో పుష్కర ఘాట్, కోటిలింగాల ఘాట్, గౌతమీ ఘాట్, ఇంకా ఎన్నో ఉన్నాయి. పుష్కర ఘాట్ గోదావరి రైల్వే స్టేషను దగ్గర ఉంది. కోటిలింగాల ఘాట్ చాలా పొడవైనది.

గోదావరికి 12 ఏళ్లకు ఒకసారి పుష్కరాలు వస్తాయి. 2003లో వచ్చాయి. 2015లో వచ్చాయి. మళ్లీ 2027లో వస్తాయి.

2015 జూలై 14న పుష్కరాల మొదటి రోజు. పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాట జరిగింది. 25 మందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. అందరూ ఒక్క చోటికే, ఒక్క సమయానికే వచ్చారు. గోదావరి ఎక్కడ ముట్టుకున్నా గోదావరే. ఏ రేవులో మునిగినా నీరు ఒక్కటే.

కాబట్టి పుష్కరాలకు వెళ్లేవాళ్లు బోర్డులు చదవాలి. జనం తక్కువున్న ఘాట్‌కు వెళ్లాలి. లోపలికి వెళ్లే దారి, బయటికి వచ్చే దారి ముందే చూసుకోవాలి. పిల్లల జేబులో పేరు, ఊరు, ఫోను నంబరు రాసిన చీటీ పెట్టాలి. ఆ చీటీ రాయడానికి ఇప్పుడు ఎవరినీ అడగనక్కర లేదు కదా!

తిరిగి వచ్చాక

ఇద్దరూ సాయంత్రానికి మండపేట చేరారు. ద్వారపూడి దగ్గర మరదలు సైకిలుకు పంక్చరు పడింది. పంక్చరు షాపులో ట్యూబుకు అతుకు వేయించుకున్నారు. ఎలా వేస్తారో పక్కన నిలబడి చూసి నేర్చుకున్నారు.

ఇప్పుడు సాయంత్రం బడి గోడ మీద మూడు గీతలున్నాయి. 11.75, 13.75, 17.75. వదినే సుద్దముక్కతో గీసింది. పక్కన లంక ఊళ్లలో చుట్టాలున్న ఆడవాళ్ల ఫోను నంబర్లు రాసింది. వానాకాలంలో ధవళేశ్వరం నీటిమట్టం రోజూ చదివి గోడ మీద రాస్తామని అందరూ అనుకున్నారు.

మరదలు పూల లెక్క వేసుకుంది. వారానికి ఒకసారి సైకిలు మీద కడియం వెళితే గిడుతుందని తేల్చుకుంది.

అత్తగారు ఒకరోజు బడికి వచ్చింది. గోడ మీద గీతలు చూసింది. "ఇదేంటే? ఈ మధ్య గీత ఎంతే? నాకూ చెప్పు" అని కోడలి పక్కన కూర్చుంది.

చదివి చెప్పండి

1. మండపేటకు నీళ్లు ఏ డెల్టా కాలువల నుంచి వస్తాయి?
2. ఆనకట్ట పని ఏ సంవత్సరంలో మొదలైంది? ఎప్పుడు పూర్తయింది?
3. రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి నీళ్లు ఎందుకు తెచ్చారు?
4. రాయి నెత్తి మీద పసుపు రంగు ఉంటే అది ఏ రహదారి?

లెక్క కట్టండి

1. గంటకు 10 కిలోమీటర్లు తొక్కితే 25 కిలోమీటర్లకు ఎంతసేపు పడుతుంది?
2. మొదటి హెచ్చరికకూ మూడో హెచ్చరికకూ మధ్య ఎన్ని అడుగుల తేడా ఉంది?
3. 2027 పుష్కరాల తర్వాత మళ్లీ పుష్కరాలు ఏ సంవత్సరంలో వస్తాయి?

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో సైకిలు తొక్కే ఆడవాళ్లు ఎంతమంది? తొక్కనివాళ్లు ఎందుకు తొక్కడం లేదు?
2. మీ ఊరికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ చోటు మీరు చూశారా? చూడాలంటే ఏ దారిన వెళ్లాలి?
3. వరద వస్తే మీ ఇంట్లో ముందుగా సంచిలో పెట్టుకోవలసినవి ఏవి? పేర్లు రాయండి.

కొత్త మాటలు

ఆనకట్ట – నీళ్లను ఆపి మళ్లించడానికి నదికి అడ్డంగా కట్టిన గోడ
బ్యారేజీ – ఎత్తడానికి, దించడానికి గేట్లు ఉన్న ఆనకట్ట
లంక – చుట్టూ నదినీళ్లు ఉన్న భూమి
నీటిమట్టం – నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో ఆ కొలత
క్యూసెక్కు – ఒక సెకనులో ఎంత నీరు పారుతుందో చెప్పే కొలత
వెలివేయడం – ఊరంతా కలిసి ఒకరితో మాటలు, రాకపోకలు మానేయడం